ఎనిమిది కుర్చీలు నిండిన ఆఫీసు

గుడిమెట్ల సోమశేఖరం గారికి బీపీ లేదు, షుగరు లేదు. ఉన్న జబ్బల్లా ఒక్కటే, చప్పట్ల మీద మోజు. ముప్ఫై ఏళ్లుగా ముక్కోటిపురం డిగ్రీ కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పుకుంటున్న మనిషికి అలాంటి జబ్బుంటే ఎంత కష్టమో ఎవరైనా ఊహించుకోవచ్చు. ఆయన పాఠం నడుస్తుండగా తరగతిలో చప్పుడంటూ వినిపించిందంటే, అది ఎవరో కునుకుతూ బెంచీకి తల కొట్టుకున్న చప్పుడే.

అందుకే మునిసిపల్ కమిషనర్ వంశధర్ గారు స్వయంగా ఫోన్ చేసి, "మాస్టారూ, మా స్టాఫ్‌కి సైన్సు గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలి" అని అడిగినప్పుడు, తీరిక చూసుకుని చెబుతానని అనాలన్న సంగతి కూడా మర్చిపోయి ఆయన వెంటనే ఒప్పేసుకున్నారు.

వంశధర్ గారు ఆ ఊరొచ్చి నెల కాలేదు. కుర్రవాడు, చదువుకున్నవాడు, పైసా ముట్టనివాడు. ఊళ్ళో రోడ్ల మీద గుంతలెన్నో ఆయన బుర్రలో ఆలోచనలన్ని. సిబ్బందికి ఒకరోజు శిక్షణ ఏర్పాటు చేసి, పొద్దున యోగా గురువు చేత అందరితో గాలి పీల్పించి, మధ్యాహ్నం పులిహోర, కోడి వేపుడు పెట్టించి, ఆపైన సోమశేఖరం గారిని మైకు ముందు నిలబెట్టారు.

సోమశేఖరం గారు తనకి కంఠతా వచ్చిన పాఠమే ఎత్తుకున్నారు. పరమాణువు మధ్యలో కేంద్రకం ఉంటుందనీ, దాని చుట్టూ పొరలు పొరలుగా ఎలక్ట్రాన్లు ఉంటాయనీ, ఆ పొరల్ని కర్పరాలంటారనీ చెప్పారు. లోపలి కర్పరాల్లో ఎంతమంది ఉన్నా లోకానికి పట్టదనీ, పరమాణువు ఎవరితో కలుస్తుందో ఎవరితో కలవదో తేల్చేది బయటి కర్పరంలోని ఎలక్ట్రాన్లేననీ చెప్పారు.

"సోడియానికి బయట ఉన్నది ఒక్కటే. దాన్ని ఎవరికి అంటగడదామా అని చూస్తుంటుంది. క్లోరిన్‌కి ఏడున్నాయి. ఆ ఇంకొక్కదాని కోసం గుమ్మంలో కాచుకుని కూర్చుంటుంది. అందరి ఆశా ఎనిమిదే. నియాన్, ఆర్గాన్ ఉన్నాయి చూశారూ, వాటికి ఆ ఎనిమిదీ పుట్టుకతోనే ఉంటాయి. అందుకని ఎవర్నీ దేబిరించవు, ఎవరి జోలికీ పోవు. మహారాజుల్లా బతుకుతాయి. బయటి వరుస నిండితే లోపలంతా శాంతేనండి."

పాఠంలో ఇంకా సగం మిగిలుంది. కానీ వంశధర్ గారు లేచి నిలబడి చప్పట్లు మొదలెట్టారు. కమిషనర్ లేచాక కూర్చునే ధైర్యం ఎవరికుంటుంది? హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. వెనక వరుసలో నిద్రపోతున్నవాళ్ళు కూడా ఆ మోతకి లేచి, ఎందుకో తెలియకపోయినా గట్టిగానే కొట్టారు. సోమశేఖరం గారికి కళ్ళు చెమర్చాయి. మిగిలిన సగం పాఠం ఆయన గొంతులోనే ఉండిపోయింది.

ఆ రాత్రి సభలో కప్పిన శాలువా తీయకుండానే భోజనానికి కూర్చున్నారు. అది మే నెల.

"ఉక్కకి మనుషులు చచ్చిపోతుంటే అదెందుకండీ ఇంకా ఒంటిమీద?" అని అడిగింది భార్య సుగుణ.

"ఎంతసేపు చప్పట్లు కొట్టారో తెలుసా నీకు?"

"పులిహోర బాగా కుదిరుంటుంది," అంది సుగుణ, మజ్జిగ పోస్తూ.

వారం తిరిగేసరికి మునిసిపల్ ఆఫీసు నుంచి ఒక ఉత్తర్వు బయటికొచ్చింది. దాని నకలు ఒకటి సోమశేఖరం గారి ఇంటికి జీపులో వచ్చింది.

'ఇందుమూలముగా సిబ్బంది యావన్మందికీ తెలియజేయడమేమనగా, సమస్త పదార్థములయందు అనాదిగా అమలులో ఉన్న బాహ్య కర్పర విధానమును ఈ కార్యాలయమందు తక్షణమే ప్రవేశపెట్టడమైనది. కమిషనర్ వారు కేంద్రకముగా పరిగణింపబడుదురు. లోపలి కర్పరముల సిబ్బంది ప్రజలతో ఎట్టి చర్యయందును పాల్గొనరాదు. చర్య జరుపు అధికారము బాహ్య కర్పర సిబ్బందికి మాత్రమే కలదు. శ్రీ గుడిమెట్ల సోమశేఖరం గారు గౌరవ శాస్త్ర సలహాదారుగా వ్యవహరించెదరు.'

ఆయన ఆ చివరి వాక్యాన్ని సుగుణకి మూడుసార్లు చదివి వినిపించారు. నాలుగోసారికి ఆమె కూరలు తేవడానికి బజారుకెళ్లిపోయింది.

ఆఫీసు రూపురేఖలు మారిపోయాయి. కమిషనర్ గది భవనానికి ఒక మూల ఉండేది. కేంద్రకం మూలనుండటం శాస్త్రవిరుద్ధమని గోడలు కొట్టించి నడిమధ్యకు మార్చారు. దాని చుట్టూ బల్లలు గుండ్రంగా వేశారు. లోపలి వరుసల్లో వాళ్ళు, ఎవరైనా ఎదురుపడి నమస్కారం పెడితే తిరిగి పెట్టడం మానేశారు. అది కూడా ఒక చర్యే అవుతుందేమోనని వాళ్ళ భయం. వీధి గుమ్మం దగ్గరున్న పొడవాటి కౌంటరుకి 'బాహ్య కర్పరము' అని బోర్డు కట్టారు. దానికి పెద్ద సూపరింటెండెంటు కామేశం గారు. సర్వీసంతా ఒక్క రూలు కూడా జవదాటని మనిషి. పై నుంచి వచ్చిన కాగితం ఏదైనా ఆయనకి వేదమే.

కామేశం గారు ఒకనాడు సలహాదారుని పిలిపించి కాఫీ ఇచ్చి, ఫైలు ముందు పెట్టారు. "మాస్టారూ, కౌంటర్లో ప్రస్తుతం ఐదుగురం ఉన్నామండి. ఎనిమిది కావాలని కమిషనర్ గారి పట్టుదల. ఈ ఐదుగుర్నీ ఎవరికైనా ఇచ్చేసి నిండిన లోపలి వరుసని బయటి వరుస అనుకోమంటారా, లేక ఇంకో ముగ్గుర్ని తెచ్చుకోమంటారా? ఈ పాయింటు మీద ఫైలు ఆగిపోయిందండి."

ఇంత పద్ధతిగా ఆయన్ని ఏ విద్యార్థీ ఎప్పుడూ సందేహం అడగలేదు. సోమశేఖరం గారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "ఐదుంటే నైట్రోజన్ లక్షణమండి. ఐదు వదులుకోవడం కష్టం, మూడు తెచ్చుకోవడమే తేలిక."

"అదే రాసి సంతకం పెట్టెయ్యండి."

ఆకుపచ్చ సిరాతో పొందిగ్గా రాసి సంతకం పెట్టేశారు. ఆ ముగ్గురినీ ఎక్కణ్నుంచి తెస్తారని అడగాలని ఆయనకి తట్టలేదు. మర్నాడు మంచినీళ్ల విభాగం నుంచి ఫిట్టరు నూకరాజునీ, వీధిదీపాలు చూసే మనిషినీ, పారిశుద్ధ్యం మేస్త్రీనీ పిలిచి, ఇస్త్రీ చొక్కాలు తొడిగించి, కౌంటర్లో కూర్చోబెట్టారు. ఎనిమిదో కుర్చీ నిండగానే కొబ్బరికాయ కొట్టారు. సోమశేఖరం గారు దూరంగా నిలబడి, ఒక సిద్ధాంతం కళ్ళెదుట నిజమవుతుంటే చూసే భాగ్యం ఎందరికి దక్కుతుందని మురిసిపోయారు.

అసలు తంటా ఆ మర్నాడు మొదలైంది. ఇంటిపన్ను కట్టడానికి వచ్చిన ఒక పెద్దాయన డబ్బు తీసి కౌంటరు మీద పెట్టబోతే కామేశం గారు మర్యాదగా చెయ్యి అడ్డం పెట్టారు.

"క్షమించాలండి. మాది నిండిన కర్పరం. మేం ఒకరి దగ్గర తీసుకోం, ఒకరికి ఇవ్వం."

"అదేంటండి బాబూ, పన్ను కూడానా?"

"ఏదైనానండి. తీసుకున్నామంటే అస్థిరమైపోతాం. అలా అయిపోకూడదని మాకు ఆర్డరుంది."

ఎనిమిదిమందీ చేతులు కట్టుకుని ప్రశాంతంగా ఆయన వైపు చూశారు. పెద్దాయన కాసేపు నిలబడి, డబ్బు పంచెలో దోపుకుని వెళ్ళిపోయాడు.

ఊరికి ఇది మొదట వింతగా అనిపించింది, తర్వాత సంతోషమూ కలిగింది. చెయ్యి తడపందే ఏనాడూ కదలని ఆఫీసు ఇప్పుడు తడిపినా కదలడం లేదు. లంచం అన్న మాటే వినబడకుండా పోయింది. అర్జీలు తీసుకోవడం లేదు గనక పెండింగు లేదు. పెండింగు లేదు గనక ఫిర్యాదు లేదు. ఉన్నా దాన్ని తీసుకునేవాళ్ళు లేరు. నెలాఖరు నివేదికలో అన్ని గళ్ళలోనూ సున్నాలు వరసగా ముత్యాల్లా నిలబడ్డాయి. రాజధానిలో పై అధికారులు ఆ నివేదిక చూసి ముగ్ధులైపోయారట. పక్క పట్టణాల నుంచి కమిషనర్లు కార్లేసుకుని ఈ అద్భుతం చూడటానికి వచ్చేవారు. వాళ్ళకి కర్పరాలు చూపించి వివరించే బాధ్యత గౌరవ సలహాదారుది. ఆయన కాలేజీకి సెలవు పెట్టి మరీ వివరించారు.

వానలు పడ్డాక సోమశేఖరం గారు ఉండే ఉపాధ్యాయ కాలనీలో కుళాయి నీళ్ళ రంగు మారింది. మొదటిరోజు పసుపుగా వచ్చాయి. రెండోరోజు వాసన కూడా తోడైంది.

సుగుణ స్టీలు బిందె తెచ్చి ఆయన ముందు పెట్టింది. "రసాయన శాస్త్రం కదా మీది, ఇదేంటో చెప్పండి."

ఆయన వంగి వాసన చూసి వెంటనే తల వెనక్కి తీశారు. "మురుగు కలుస్తోంది. ఎక్కడో పైపు పగిలింది."

"మరి వెళ్ళి చెప్పండి. మీ శిష్యులే కదా అక్కడున్నది."

ఆయన ఒక సీసాలో ఆ నీళ్ళు పట్టుకుని ధీమాగానే వెళ్ళారు. సలహాదారుకి కాకపోతే ఇంకెవరికి చేస్తారు? కౌంటర్లో కామేశం గారు లేచి నమస్కరించబోయి, గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నారు.

"కామేశం గారూ, మా కాలనీలో నీళ్ళు పాడైపోయాయండి. ఒకసారి ఫిట్టరుని పంపించండి."

"మాస్టారూ, మీకు తెలియనిదేముందండి. మేం నిండిపోయాం."

"అది సరేనండి. ఇది తాగే నీళ్ళ సంగతి."

"తమరు పెట్టిన సంతకమే గదండీ ఫైల్లో ఉంది. ఆకుపచ్చ సిరా."

చివరి కుర్చీలో, మెడ దాకా బొత్తాలు పెట్టుకుని ఉక్కిరిబిక్కిరవుతున్న నూకరాజు సీసా వైపు చూసి గొంతు తగ్గించాడు. "సారూ, అది వాటర్ ట్యాంకు దగ్గరి మలుపులో పగిలుంటాదండి. వానాకాలం మొదట్లో అక్కడ ఓ సుట్టు సూసుకోవాలండి. ఈయేడు ఎల్లలేదు. పార పట్టుకుంటే గంటలో పనండి. కానీ నేనిప్పుడు నిండిపోయానంటండి."

"నిశ్శబ్దం," అన్నారు కామేశం గారు, కోపం లేకుండానే. "నువ్వు చర్య జరుపుతున్నావు నూకరాజూ."

నూకరాజు చేతులు కట్టుకున్నాడు. ఆ చేతుల మీద బురద మరకలు ఆరిపోయి చాలాకాలమైందని సోమశేఖరం గారికి అప్పుడే కనిపించింది. ముగ్గుర్ని తెచ్చుకోవడం తేలికని రాసిన చెయ్యి తనదే. ఆ ముగ్గురిలో ఒకడి కోసమే ఇప్పుడు సీసా పట్టుకుని వచ్చారు.

నేరుగా కేంద్రకం దగ్గరికే వెళ్ళారు. వంశధర్ గారు ఎదురొచ్చి చేతులు పట్టుకుని కూర్చోబెట్టారు. విషయమంతా శ్రద్ధగా విన్నారు. చెడ్డవాడైతే కసిరి పంపేవాడు, అప్పుడు పోట్లాడటానికి వీలుండేది. ఈయన అలా కాదు, అర్థం చేసుకునే మనిషి.

"మీ బాధ నాకు తెలుస్తోంది మాస్టారూ. కానీ మీ ఫిర్యాదు తీసుకుంటే ఏమవుతుంది? అది తొమ్మిదోది అవుతుంది. తొమ్మిదోది వచ్చిందంటే ఇంకో కర్పరం మొదలుపెట్టాలి. కొత్త కర్పరానికి ప్రభుత్వం మంజూరు కావాలి. ఆర్థిక శాఖ ఒప్పుకోదు."

"నేను చెప్పింది పరమాణువుల గురించండి. మనుషుల గురించి కాదు."

వంశధర్ గారు నిజంగానే నొచ్చుకున్నట్టు చూశారు. "శాస్త్రం ఒకచోట నిజమై ఇంకోచోట అబద్ధమవుతుందా? మీరే అలా అంటే ఎలాగండీ? ఈ విధానాన్ని రాష్ట్రమంతటా పెట్టాలని చూస్తున్నారు. వచ్చే వారం డైరెక్టర్ గారు బృందంతో వస్తున్నారు. ప్రధాన ఉపన్యాసం మీదే. పట్టణ ప్రముఖులంతా ఉంటారు."

"ఎంతమంది ఉంటారండీ?" అన్న మాట సోమశేఖరం గారి నోట్లోంచి ఆయన ప్రమేయం లేకుండానే వచ్చేసింది.

"ఐదొందలకి తక్కువుండరు."

ఆ వెంటనే ఎవరో ఫోటో తీసేవాణ్ణి పిలవడం, ముందస్తు సన్మానమని శాలువా కప్పడం జరిగిపోయాయి. ఫిర్యాదు చేయడానికి వెళ్ళిన మనిషి రెండో శాలువాతో బయటికొచ్చాడు. సీసా లోపల బల్ల మీదే మర్చిపోయాడు. ఇంటికొచ్చాక సుగుణ శాలువా వైపు చూసింది, ఆయన వైపు చూసింది, ఏమీ అనకుండా పొయ్యి మీద నీళ్ళు మరగబెట్టడానికి వెళ్ళింది. ఆవిడ తిట్టి ఉంటే ఆయనకి కొంత బాగుండేది.

మూడు రోజులకి కాలనీ చివర ఇడ్లీ దుకాణం నడిపే మంగతాయారు మనవరాలికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పిల్లకి ఐదేళ్ళు. మంగతాయారు దుకాణంలో నీళ్ళు కాచి వాడుతూనే ఉంది, కానీ పిల్ల ఆడుకుని వచ్చి కుళాయి దగ్గర దోసిలి పట్టేసింది. పెద్దాసుపత్రిలో చేర్చారు. సంగతి తెలిసి సోమశేఖరం గారు మధ్యాహ్నం ఎండలో అక్కడికెళ్ళారు.

పిల్ల మంచం మీద వాడిన తోటకూర కాడలా ఉంది. చేతికి సెలైన్ గొట్టం. మంగతాయారు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, మీద వాలుతున్న ఈగల్ని కొంగుతో తోలుతోంది.

"ఏమన్నారమ్మా డాక్టర్లు?"

"నాలుగైదు రోజుల్లో తేరుకుంటుందన్నారు మాస్టారూ. ఈ సీసాలే ఎక్కిస్తున్నారు. ఏముంటుందండీ ఇందులో? నీళ్ళల్లానే ఉన్నాయి."

"ఉప్పునీళ్ళమ్మా."

"ఉప్పునీళ్ళకే పిల్ల బతుకుతుందా?"

"అవునమ్మా," అన్నారాయన. చుక్క చుక్కగా దిగుతున్న సీసా వైపు చూస్తూ అక్కడే నిలబడిపోయారు. అందులో ఉన్నది సోడియం, క్లోరిన్. తన దగ్గరున్న ఒక్కదాన్నీ ఇచ్చేసింది ఒకటి, చెయ్యి చాచి తీసుకున్నది ఇంకొకటి. నిండుగా, మహారాజులా కూర్చున్న వాయువు ఒక్కటి కూడా ఆ సీసాలో లేదు. ఆరోజు హాల్లో చెప్పకుండా మిగిలిపోయిన సగం పాఠం ఇదే.

స్టూలు పక్కన నేల మీద కూర్చుని, జరిగిందంతా మంగతాయారుకి చెప్పేశారు. ఉపన్యాసం, ఎనిమిది కుర్చీలు, ఆకుపచ్చ సిరా సంతకం, ఆఖరికి రెండో శాలువా కూడా దాచలేదు. ఆవిడ ఈగలు తోలడం ఆపకుండానే అంతా విన్నది.

"మరైతే మీరు చెప్పిన పాఠం తప్పా మాస్టారూ?"

"తప్పు కాదమ్మా. సగం."

"మిగతా సగం ఎప్పుడు చెబుతారు?"

"బుధవారం సభ ఉంది."

"సరే అయితే. మేమూ వస్తాం," అంది మంగతాయారు.

బుధవారం టౌన్ హాలు నిండిపోయింది. వేదిక మీద డైరెక్టర్ గారు, ఆయన బృందం, వంశధర్ గారు. ముందు వరుసలో ఎనిమిది కుర్చీలు వేసి బాహ్య కర్పరాన్ని ప్రదర్శనకి కూర్చోబెట్టారు. నూకరాజుకి టై కూడా కట్టారు. వెనక తలుపు పక్కన, ఉపాధ్యాయ కాలనీ ఆడవాళ్ళు ఓ ఇరవైమంది కొంగుల చాటున స్టీలు చెంబులతో నిలబడ్డారు. వాళ్ళలో సుగుణ కూడా ఉంది. ఇంట్లో ఆవిడ ఈ మాటే చెప్పలేదు.

డైరెక్టర్ గారు మాట్లాడారు. ముక్కోటిపురం చూపిన బాట జాతికి ఆదర్శమన్నారు. స్పందనే సకల సమస్యలకీ మూలమని, స్పందన లేని కార్యాలయమే ప్రజాస్వామ్యానికి పరమపదమని అన్నారు. తర్వాత మైకు సోమశేఖరం గారి చేతికొచ్చింది.

"ఆరోజు నేను చెప్పింది సగమేనండి," అని మొదలుపెట్టారు. గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది. "నిండినవాళ్ళకి ఎవరితో పనుండదని చెప్పాను. వాళ్ళతో మనకేం పనుంటుందో చెప్పలేదు. ట్యూబుల్లో నింపితే రంగురంగుల దీపాలు వెలుగుతాయి, అంతే. తిండి, గాలి, నెత్తురు, ఎముక, ఇవన్నీ వెలితి ఉన్నవాళ్ళు కలిసి చేసినవి. ఆక్సిజన్‌కి బయట ఆరే ఉన్నాయి, రెండు తక్కువ. హైడ్రోజన్‌ది చిన్న కర్పరం, రెంటితోనే నిండుతుంది, దానికి ఒకటి తక్కువ. ఎవరి లోటు వాళ్ళకి తెలుసు గనక రెండు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్ దగ్గరికి చేరాయి. అవే నీళ్ళండి. ఆక్సిజన్ కూడా ఎనిమిదితో పుట్టి, చేతులు కట్టుకుని కూర్చునుంటే ఈ భూమ్మీద గుక్కెడు నీళ్ళుండేవి కావు. ఆ నీళ్ళలో ఇప్పుడు మురుగు కలుస్తోంది. ఐదేళ్ళ పిల్ల ఆసుపత్రిలో ఉంది. పైపు బాగుచేసే మనిషి ఇదిగో, ముందు వరుసలో టై కట్టుకుని ఉన్నాడు. అతన్ని అక్కడ కూర్చోబెట్టింది నేనే."

అప్పుడు మంగతాయారు మెట్లెక్కి వచ్చి, కాలనీ కుళాయి నీళ్ళు ఒక గ్లాసులో పోసి డైరెక్టర్ గారి ముందు పెట్టింది. ఆమె వెనకే మరో ముగ్గురు ఆడవాళ్ళు వేదిక మీదున్న ప్రతి పెద్దమనిషి ముందూ ఒక గ్లాసు పెట్టారు. సోమశేఖరం గారి గ్లాసు సుగుణ పెట్టింది.

డైరెక్టర్ గారు ఆ పసుపుపచ్చని నీళ్ళ వైపు చాలాసేపు చూశారు. వంశధర్ గారి ముఖం పాలిపోయింది. సోమశేఖరం గారు తన ఉద్యోగం, సలహాదారు పదవి, రెండూ పోయాయనే అనుకున్నారు. ఆశ్చర్యంగా, ఆయనకి ఊపిరి తేలిగ్గా ఆడుతోంది.

డైరెక్టర్ గారు మెల్లగా లేచారు. "మహత్తరం," అన్నారు. "మనం ఇంతకాలం పరిపూర్ణత అనే పొరపాటు దిశలో పయనించాం. ప్రకృతి కోరేది వెలితిని. కమిషనర్ గారూ, రాసుకోండి. ఇకమీదట ప్రతి కార్యాలయమూ శాస్త్రీయంగా నిర్ధారించిన వెలితిని విధిగా పాటించవలెను. బాహ్య కర్పరమున ఎనిమిది కుర్చీలకు గాను ఆరుగురు మాత్రమే ఉండవలెను. రెండు ఖాళీలను శాశ్వతముగా, నిష్ఠగా నిర్వహించవలెను."

"అది కాదండీ, ఆ పైపు..." అని సోమశేఖరం గారు నోరు తెరిచారు. చప్పట్లు మొదలయ్యాయి. ఐదొందలమంది లేచి కొట్టారు. జీవితంలో మొదటిసారి ఆయన ఆ మోత ఆగితే బాగుండునని కోరుకున్నారు. అది చాలాసేపు ఆగలేదు.

ఉత్తర్వు ఆ సాయంత్రమే వచ్చింది. ఎనిమిదిమందిలో ఇద్దరు వెలితిగా మారాలి. పారిశుద్ధ్యం మేస్త్రీకి ఈలోగా ఫ్యాను గాలి అలవాటైపోయింది, కుర్చీ దిగనన్నాడు. నూకరాజు మాత్రం ఆ మాట చెవిన పడగానే టై పీకి కామేశం గారి బల్ల మీద పెట్టి, చొక్కా చేతులు పైకి మడిచి, పార పట్టుకుని వాటర్ ట్యాంకు మలుపుకి పరుగెత్తాడు. వీధిదీపాల మనిషి అతని వెనకే నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళాడు. తవ్విచూస్తే పైపు పగిలిన చోట మురుగు కాలువ ఊటలా దిగుతోంది. మర్నాటికి బాగైంది. ఇంకో రెండు రోజులకి కుళాయిల్లో నీళ్ళు తేటపడ్డాయి. పిల్ల ఇంటికొచ్చి ఇడ్లీ పిండిలో వేలు ముంచి అమ్మమ్మ చేత దెబ్బ తింది.

ఆఫీసులో ఆ రెండు ఖాళీ కుర్చీలకి 'వెలితి' అని బోర్డులు పెట్టారు. ఎవరూ పొరపాటున కూర్చోకుండా చూడటానికి ఒక కాపలా మనిషిని వేశారు. కౌంటరు మళ్ళీ అర్జీలు తీసుకోవడం మొదలెట్టింది. కాకపోతే చిన్న షరతుంది. ఆరున్న కర్పరానికి లోటు రెండు గనక, అర్జీదారులు కూడా ఇద్దరిద్దరుగానే రావాలి. ఒక్కరొస్తే బంధం అసంపూర్ణమని తిప్పి పంపేస్తారు. పెళ్ళికానివాళ్ళు, ఒంటరివాళ్ళు మొదట ఇబ్బంది పడ్డారు. త్వరలోనే ఆఫీసు ఎదుట టీ బడ్డీ దగ్గర ఊరికే నిలబడే నలుగురైదుగురు, టీ ఇప్పిస్తే చాలు, ఎవరి పక్కనైనా రెండోవాడిగా నిలబడేవారు. పని మొత్తానికి జరుగుతోంది. ఈ కొత్త విధానానికి గాను వంశధర్ గారిని పెద్ద పట్టణానికి మార్చారని, అక్కడ ఆయన కార్బన్ గురించి చదువుతున్నారని తెలిసింది.

ఒక ఉదయం మంగతాయారు సోమశేఖరం గారింటికి వచ్చింది. దుకాణం లైసెన్సు గడువు అయిపోయిందట. మొగుడు పోయి పదేళ్ళయింది, కూతురూ అల్లుడూ పనుల్లోకెళ్ళిపోతారు.

"ఇద్దరు కావాలంటున్నారు మాస్టారూ. టీ బడ్డీ దగ్గరి మగాళ్ళ పక్కన నిలబడాలంటే నాకు ఇదిగా ఉందండి. మీరు కాస్త వస్తారా?"

ఆయన చెప్పులేసుకుని వెంటనే బయల్దేరారు. సుగుణ గుమ్మంలోంచి చూసి, "గొడుగు తీసుకెళ్ళండి, ఎండగా ఉంది," అంది. చాలా రోజుల తర్వాత ఆవిడ మామూలుగా మాట్లాడిన మాట అది.

వరస పొడుగ్గా ఉంది. జంటలు జంటలుగా జనం. మధ్యలో సోమశేఖరం గారికి ఫోన్ వచ్చింది. ఎవరో పక్క జిల్లా పెద్ద అధికారి. వెలితి గురించి తమ సిబ్బందికి ఉపన్యాసం కావాలట. వెయ్యిమంది పట్టే హాలట. కారు పంపుతారట.

వెయ్యి అన్న మాట వినగానే ఆయన గుండె ఒకసారి కొట్టుకోవడం మానేసి మళ్ళీ మొదలుపెట్టింది. చెవి దగ్గర ఫోన్ అలాగే పట్టుకుని ముందున్న వరస వైపు చూశారు. మంగతాయారు అర్జీ కాగితంతో మొహం మీద విసురుకుంటూ ఆయన వైపే చూస్తోంది.

"ఇప్పుడు మాట్లాడలేనండి," అన్నారు చివరికి. "వరసలో ఉన్నాను. పక్కకెళ్తే చోటు పోతుంది."

వాళ్ళ వంతు వచ్చింది. కామేశం గారు మంగతాయారు అర్జీ తీసుకుని, పేరు రాసుకుని, తలెత్తకుండానే పక్కనున్న మనిషిని అడిగారు.

"మీ హోదా ఏంటండీ?"

సోమశేఖరం గారు గొడుగు చంకలో సర్దుకున్నారు.

"హైడ్రోజన్నండి," అన్నారు.